పాత కొలతల చొక్కా

వదినా,

అందరం కులాసా. నీ మీద కోపం తప్ప ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. బట్టల మూట అందింది. కొత్త కొలతలు ప్రతి కార్డులోనూ రాస్తూనే ఉన్నాను కదా! నువ్వేమో మేం ఊరు విడిచిన నాడు దాచుకున్న కాగితం కటింగులే పెట్టి కుట్టేశావు. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పిల్లకి గౌను మెడ దగ్గరే ఆగిపోయింది. "అత్త ఇది నా బొమ్మకి కుట్టిందా అమ్మా?" అని ఒకటే నవ్వు. నాకు ఒళ్లుమంట.

మీ అన్నయ్య చొక్కా ఒక్కటే పట్టింది. పట్టడమేమిటి, ఆయనతో పాటు ఇంకో మనిషి దూరొచ్చు. లాండ్రీలో రోజంతా ఆవిరి గది పని మరి. "వదులైతే గాలాడుతుందిలే, చెల్లెలికి మాత్రం రాయకు" అన్నారు. రాసేశాను.

మా ఇంటి కిటికీలు అప్పుడప్పుడూ తెరుస్తున్నావా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు. చోటు అయిపోతోంది, కోపం ఇంకా మిగిలింది.

పిల్ల గౌను మెడ వెడల్పు చేసి, పొడవు జానెడు పెంచు. ఆయన కొలత మాత్రం మార్చావో, ఊరుకోను. పాతదానికే కుట్టు. ఆ చొక్కా నిండేలా మనిషిని తయారు చేయడం నా పని.

నీ వదిన