బోర్డు మీద నీ చివరి వార్త

హనుమకొండ, 12 జూన్ 1984, మంగళవారం

బాపూ,

పొద్దున్నే మూలింట్లోకి కొత్తగా వచ్చిన కిరాయిదారు మన గుమ్మం ముందు నిలబడి గట్టిగా అడిగాడు. "సంఘం బోర్డు మీద 'రేపు నల్లా రాదు' అని ఎవడు రాసిండమ్మా? గంజులు గుడ నింపి పెట్టుకున్నం. నల్లా మంచిగ వస్తాంది!"

అది నువ్వు పోవడానికి ముందురోజు రాసింది. మూడు నెలలుగా దాన్ని తుడవడానికి కాలనీలో ఎవరికీ చేతులు రాలేదు. ఎవరు పోయినా బోర్డు మీద నువ్వే రాసేవాడివి. నువ్వు పోయినప్పుడు రాసేవాళ్లు లేకపోయారు.

సాయంత్రం సెక్రెటరీ మామ వచ్చాడు. "ఇంకెన్ని దినాలు ఉంచుతం బిడ్డా? ఇగ నువ్వే రాయాలె. నీ దస్తూరి గుడ బాపు లెక్కనే ఉంటది" అన్నాడు. అమ్మ పాత చీర ముక్క తడిపి నా చేతికిచ్చింది.

బోర్డు దగ్గరికి వెళ్లాను కానీ, నువ్వు సాగదీసి రాసే కొమ్ముల దగ్గర చేయి ఆగిపోయింది.

రేపు పొద్దున మళ్లీ వెళ్తాను. ముందు నీ అక్షరాలను నోట్‌బుక్కులో ఉన్నవి ఉన్నట్టు దించుకుంటాను. తర్వాత బోర్డు తుడిచి, నువ్వు అందరికీ రాసినట్టే, నీ పేరు పక్కన 'కాలం చేశారు' అని రాస్తాను.