నాకు కోడిగుడ్డు పెట్టమని మా ఇంటావిడకు తమరు చెప్పుట గురించి

మండల తహసీల్దార్ గారి సముఖమునకు, సూర్యాపేటలో మోటార్ వైండింగ్ షాపు నడుపుకొను పర్వతాలు పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా ఒంటిమీది కండ కబ్జా అయినందున, ఆపరేషన్‌లోపు దానిని తిరిగి ఇప్పించుట గురించి.

1. నాకు కడుపులో ప్యాంక్రియాస్ అనే చోట గడ్డ లేచింది. అది పిత్తం దారిని మూసినందున కామెర్లు వచ్చాయి. హైదరాబాదులో గొట్టం వేసి దారి తెరిచారు, కామెర్లు దిగాయి. గడ్డను కోసి తీయడం మిగిలింది. అది చాలా పెద్ద ఆపరేషన్ అని మనవి.

2. కామెర్లు అనగానే మా ఇంట్లో పత్యం అమల్లోకి వచ్చింది. మజ్జిగన్నం తప్ప ఉప్పు, నూనె, పప్పు, గుడ్డు, కూర సకలం నిషేధం. మంచం దిగరాదు. కామెర్లు పోయినా పత్యం పోలేదు. పైగా కోదాడ నుంచి మా అత్తమ్మ కాపలాకు దిగింది. నేను కాలు కింద పెడితే చాలు,

"కదలమాకు అల్లుడా, కుట్లు ఊడతాయి."

"ఆపరేషనే కాలె. కుట్లు యాడియి అత్తమ్మా?"

"పడ్డాక ఊడకుండా ఇప్పట్నించే అలవాటు చేసుకో."

3. మొన్న డాక్టరు గారు స్కాన్‌లో నా వెన్ను పక్క కండ చూపించారు. ఎండాకాలం చెరువులాగ అంచులకు పోయి ఉంది.

"గడ్డ తీసుడు నా పని పర్వతాలూ. తీసినంక లేసి నడుసుడు, దగ్గి కఫం తీసుడు, కుట్లు మానుడు, గదంత నీ కండ పని. గిట్ల కరిగిపోతే ఆపరేషన్ మంచిగైనా నువ్వు కోలుకునుడు కష్టం. గుడ్లు తిను, చేపలు తిను, పప్పు తిను, పొద్దుమాపు నడువు. కుర్చీల నుంచి చేతులు ఆనకుండ లేస్తెనే నేను కత్తి పట్టుకుంట. జల్ది కానియ్యి, గడ్డ మనకోసం ఆగదు" అన్నారు.

4. ఆ సమయమున మా ఇంటావిడ రుక్కమ్మ మందుల లైన్‌లో ఉన్నది. బయటికొచ్చి చెప్పగా, "గుడ్లు, చేపలు రాసిండా? కల్లు సీస రాయలేదా?" అన్నది. కాగితం చూపగా, "జిరాక్స్ షాపుల ఏదన్న కొట్టిస్తవ్ నువ్వు" అన్నది. తర్వాత దవాఖాన నుంచి తిండి సంగతి చూసే మేడం స్వయంగా ఫోన్ చేశారు. అది నా దోస్తు యాదయ్య అనుకొని, "ఆడగొంతు మంచిగ తీస్తున్నవ్ యాదయ్యా, సిగ్గు లేదా? పెట్టెయ్ ఫోన్" అన్నది. మేడం మళ్లీ చేయలేదు.

5. మిర్యాలగూడ నుంచి మా చెల్లె శైలజ డబ్బాలో చేపల పులుసు తెచ్చింది. అత్తమ్మ దానిని గడపలోనే స్వాధీనం చేసుకొని, పారేస్తే పాపమని నా కళ్లముందే తిన్నది. నాకు రావలసిన కండ ఆమెకు వస్తున్నది.

6. డాక్టరు మాటే చెల్లనప్పుడు తహసీల్దార్ ఎందుకని తమరు అడగవచ్చు. నిరుడు మా వాడలో మేకలకు ఆధార్ కార్డులు ఇస్తారని ఎవరో నోటీసు అంటించగా, జనం మేకలను తోలుకొచ్చి తమ ఆఫీసు ముందు లైన్ కట్టిన సంగతి తమకు ఎరుకే. అంటించింది నేనని లోకం అంటుంది. ఆ చర్చ ఇప్పుడొద్దు. తమరు బయటికొచ్చి "ఇదంతా అబద్ధం, ఇండ్లకు పోండి" అన్న తర్వాతే మా ఇంటావిడ మేకను తోలుకొని ఇంటికొచ్చింది. ఆనాటి నుంచి నిజం అబద్ధం తేల్చేటందుకు ఆమె నమ్మే మనిషి తమరొక్కరే.

కావున తమరు దయతో సర్వేయర్‌ను టేపుతో పంపి, నా పిక్కలకు హద్దులు కొలిపించి, ఎంత విస్తీర్ణం పోయిందో పంచనామా చేయించవలెను. అది కుదరకున్నా, తమరు ఒక్కసారి మా గడపలో నిలబడి "పర్వతాలు చెప్పేది నిజం. గుడ్డు పెట్టు, నడవనియ్యి" అని రుక్కమ్మకు చెప్పిపోవలెను. ఆమెకు నామీద కోపం లేదు సార్. భయం. మనిషి కదలకుంటే దక్కుతాడని అనుకుంటున్నది.

ఇది చిత్తగించి, ఆలస్యం కాకముందే కదలి రావలెనని,

తమ విధేయుడు (ఈసారికి నిజంగానే),
పర్వతాలు

మళ్లీ రాసేది: సార్, అత్తమ్మ నిద్రపోతుంటే తప్పించుకొని ఈ అర్జీ ఇద్దామని వచ్చిన. మీ ఆఫీసు మెట్ల మీద సగంల కూసున్న. మళ్ల లేవస్తలేదు. మీ అటెండర్ కొమురయ్య నన్ను సూసి నవ్విండు. "ఇది గూడ యాక్టింగేనా అన్నా?" అన్నడు. నేను గూడ నవ్విన. ఆయన లోపలికి పోయిండు. ఇంకా గీడనే కూసున్న సార్. జర బయటికి రండి.