నాన్న కోటు బొత్తం

తమ్ముడూ,

లేవగానే కిటికీలు తెరువు. ఆ రెజిన్ కంపుకి నా తల పగిలిపోతోంది. నువ్వు అది కలిపింది నేను టీ తాగే గ్లాసులో. ఇక దాన్ని నువ్వే ఉంచుకో.

అసలు నాన్న కోటు ముట్టుకోమని నీకెవరు చెప్పారు? ఆయన ఆలోచనలో పడితే కొరికే బొత్తంరా అది! ఆయన పోయాక ఆ కోటు నేను ఇస్త్రీకి కూడా ఇవ్వలేదు. నువ్వేమో బొత్తం టక్కున కత్తిరించి, సిలికాన్‌తో అచ్చు తీసి, రెజిన్‌తో పన్నెండు పోసిపెట్టావు. బాబాయిలకీ అత్తలకీ గుర్తుగా తలా ఒకటి పంచుతావట, అమ్మ చెప్పింది. రంగు కూడా తేడా లేకుండా కలిపి, అసలుదాన్నీ వాటితోపాటే పళ్ళెంలో పడేశావు. పదమూడింటి మీదా నాన్న పంటిగాటు ఉంది. గంట నుంచి చూస్తున్నా, ఏది నాన్నదో తెలిసి చావట్లేదు.

సాయంత్రం నేను వచ్చేసరికి అసలుది కోటుకి కుట్టి ఉండాలి. ఏదో ఒకటి కుట్టేసి నా కళ్ళుగప్పాలని చూశావో, ఊరుకోను.

అక్క

పళ్ళెంలో పన్నెండే ఉన్నాయని కంగారుపడకు. ఒకటి నా దగ్గరుంది. అసలుదో కాదో నాకూ తెలీదు. ఆ అచ్చు మాత్రం పారేయకు.