కంప్యూటర్‌లో పట్టని గుంపు

మంగళవారం. వాన వెలిసింది, కరెంటు ఇంకా రాలేదు, కంప్యూటర్ బ్యాటరీ మీదే నడుస్తోంది.

చీమలవాగు గుంపు అనే చిన్న గూడెం నుంచి సమ్మక్క అడవి దాటి, నేను కంప్యూటర్లో ఊళ్ళ వివరాలు ఎక్కించే ఆఫీసుకు వచ్చింది. "బోరు మాకని జెప్పి పెద్దూర్ల ఏసిండ్రు. ఏంది సారూ గిది? కంప్యూటర్ల మా గుంపు ఉన్నదా, లేదా?" అని నిలదీసింది.

లేదు. తీసేసింది నేనే. జిల్లా, డివిజన్, మండలం, పంచాయతీ, ఊరు, అన్నిటికన్నా లోపల గుంపు. ఇలా సంచిలో సంచిలా డైరెక్టరీలో డైరెక్టరీ పెట్టుకుంటూ పోతే, చివరికి ఆ పేర్లన్నీ వరసగా కలిసిన దారి మరీ పొడవైందని మెషిన్ ఒప్పుకోలేదు. బస్సు పోతుందన్న తొందరలో గుంపు ఇళ్ళన్నీ దాని పై ఊరైన పెద్దూరు ఫైల్లో కలిపేశాను. బోరు ఎక్కడ వేయాలో ఆ ఫైలు చూసే తేల్చారు.

"ఉన్నది అవ్వా" అంటూ తెర మీద పెద్దూరు పేరే చూపించాను. చదువు రాని సమ్మక్క ఆ అక్షరాలను వేలితో తడిమి చూసింది.

"అవ్, ఉన్నది గదా. మరి నీళ్ళేవి?"

తెరను నా వైపు తిప్పుకున్నాను.

ఇప్పుడు తడుతోంది. పైనున్న జిల్లా పేరును రెండక్షరాలకు కుదిస్తే గుంపు పట్టేదేమో. కానీ జిల్లా పేరు ముట్టుకోవాలంటే పెద్దసారును అడగాలి. గుంపును తీసెయ్యడానికి ఎవరినైనా అడగాలని కూడా నాకు తోచలేదు.