ఒంటిగంట నుంచి అయిదింటి దాకా

అక్టోబరు 4, శనివారం. ఉదయం 9.00
ఎనిమిది నెలలు ఎదురుచూశాక మా వంతు వచ్చింది! ఇకనుంచి ప్రతి శనివారం నాలుగు గంటలు మా అమ్మాయి బ్రినా దగ్గర ఉండడానికి కౌంటీ సంక్షేమ ఆఫీసు ఒక మనిషిని పంపుతుంది. ఆ నాలుగు గంటలూ నేనూ నా భర్త కర్టిసూ బయటికెళ్ళి విశ్రాంతి తీసుకోవాలి. అంతే పని. మూడుసార్లు ముందే తిరిగొస్తే మా గంటలు వరసలో ఉన్న తర్వాతి కుటుంబానికి పోతాయి.

బ్రినాకి పదిహేనేళ్ళు. మనసు బాగుంటే దానంత సరదా పిల్ల మా డులూత్ ఊరు మొత్తంలో లేదు. బాగాలేకపోతే తలుపులు విరుగుతాయి. ఒకసారి దాని చెయ్యే విరిగింది. ఇంట్లో కత్తులన్నీ తాళంపెట్టెలో ఉంటాయి, తాళంచెవి నా మెడలో.

నిర్ణయాలు: నిద్రపోవాలి. ఫోన్ చెయ్యకూడదు. బ్రినా ఊసెత్తకూడదు.

12.50. వచ్చినావిడ మిసెస్ ఒడెల్. ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయిందట. ఆవిడ కోసం ముప్ఫై రెండు పేజీల సూచనలు రాశాను. మొదటి పేజీ చదివి, మొత్తం తీసి ఊగుతున్న బల్లకాలి కింద పెట్టింది.

1.04. వీధి చివర కారు ఆపించాను. ఇక్కణ్ణుంచి ఇల్లు కనిపిస్తుంది.

3.30. ఇల్లు ఇంకా ఉంది. కర్టిస్ గురక పెడుతున్నాడు.

5.00. ఇదీ విశ్రాంతే! మొదటి రోజుకి చాలు.

అక్టోబరు 11
1.30. సరస్సు ఒడ్డున హోటల్లో భోజనం. బ్రినా ఊసు లేదు. ఇరవై రెండు నిమిషాలు కారుకి వేసే మంచుకాలపు టైర్ల గురించి మాట్లాడుకున్నాం.

2.15. మా బల్ల మీద కత్తులు కనపడలేదు. నా సంచిలో ఉన్నాయి! పక్కబల్ల వాళ్ళవి కర్టిస్ జేబులో. ఎప్పుడు తీశామో ఇద్దరికీ తెలీదు. వడ్డించే అమ్మాయి వచ్చి అడిగింది. కర్టిస్ ఇంట్లో వాడే మెత్తటి గొంతుతో, "నీకు కోపమొచ్చినట్టుంది, ఫరవాలేదు, అయిదుసార్లు ఊపిరి పీల్చుకుందామా?" అన్నాడు. అప్పటిదాకా ఆ అమ్మాయికి కోపం లేదు.

3.10. ఇల్లు. సిగ్గుతో వచ్చేశాం కాబట్టి ఇది లెక్కలోకి రాకూడదు. వచ్చింది.

అక్టోబరు 18
1.20. నిద్ర కోసం లాడ్జిలో గది తీసుకున్నాం. మెత్తటి పరుపు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. నిద్ర రాదే! మా ఇంట్లో నిశ్శబ్దమంటే ఏదో జరగబోతోందని.

2.00. కర్టిస్ పాపం, నాకోసం స్నానాలగది తలుపు ధడాధడా కొట్టడం మొదలుపెట్టాడు. వెంటనే నిద్రపట్టింది. హాయిగా ముప్పావుగంట!

2.45. లాడ్జివాళ్ళు మమ్మల్ని పంపించేశారు.

3.05. ఇల్లు. సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్. ఇంకొక్కసారి అలా చేస్తే గంటలు పోతాయని మర్యాదగానే చెప్పారు. ఇవి పోతే మళ్ళీ ఎన్ని నెలలు ఆగాలో!

అక్టోబరు 25
2.40. కళ్ళజోడు మర్చిపోయాను. (పెట్టుకునే ఉన్నానని కర్టిస్ అన్నాడు. పట్టించుకోలేదు.) ఇంట్లోకి వెళ్ళను. వెనకవైపు నుంచి వంటింటి కిటికీలోకి ఒక్కసారి చూసి వచ్చేస్తాను.

2.50. చూశాను. బ్రినా అరుస్తోంది. కుర్చీ బోర్లా పడి ఉంది. మిసెస్ ఒడెల్ కూర్చుని నారింజపండు వలుస్తోంది. నేను వెనకతలుపు దగ్గరికి పరిగెత్తాను.

బ్రినా కిటికీలోంచి నన్ను చూసి ఆగిపోయింది. కిటికీ అద్దం పైకెత్తింది.

"వెళ్ళమ్మా," అంది. "నాకు ఒళ్ళు మండుతున్నప్పుడు కూడా ముందు నీ మొహమే చూసుకోవాలి, భయపడ్డావేమోనని. ఈవిడ భయపడదు. ఈ నాలుగు గంటలూ నాకు అదొక్కటే విశ్రాంతి. దాన్ని పోగొట్టకు."

నేనొచ్చిన సంగతి ఆఫీసుకి రాస్తారా అని మిసెస్ ఒడెల్‌ని అడిగాను. గుమ్మం దాటితే రాయమన్నారు గాని, పెరట్లో తిరిగేవాళ్ళ గురించి కాగితంలో ఏమీ లేదందామె. నాకూ ఒక నారింజతొన ఇచ్చి కిటికీ అద్దం దించేసింది.

పొదల్లో కూర్చుని ఏడ్చాను. కర్టిస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అయిదింటికి ముందువైపు నుంచి వెళ్ళి గంట కొట్టాం.

నవంబరు 1. 12.55
పాత నిర్ణయాలన్నీ కొట్టేశాను. మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఇప్పుడొకటే: ఒంటిగంట నుంచి అయిదింటి దాకా నా కూతురికి నా నుంచి విశ్రాంతి ఇవ్వాలి.

నాకు నిద్ర పట్టకపోయినా సరే.