ఖైదీ అంకాలమ్మకు నేనేమవుతాననేది

మహిళా జైలు సూపరింటెండెంటు గారి సముఖమునకు, నెల్లూరు మూలపేటలో ఉంటున్న మాజీ వార్డరు మాలకొండమ్మ వ్రాసుకొన్న అర్జీ. 1962 ఆగస్టు.

అయ్యా,

విషయం: యావజ్జీవ ఖైదీ అంకాలమ్మతో ములాఖత్ కోరడం గురించి.

1. నన్ను ఉద్యోగం నుంచి తొలగించిన ఉత్తర్వు అందినది. దానిపై నాకు అభ్యంతరము లేదు.

2. అంకాలమ్మది పులికాటు ఒడ్డున పల్లె. భర్త చనిపోయిన కేసులో శిక్ష పడినది. ఆమె తల్లి పేరమ్మ సూళ్లూరుపేటలో రైలెక్కి వచ్చి, కూతుర్ని చూసి పోయేది. కిందటి వానకాలం నుంచి రావడం మానేసింది. అంకాలమ్మ తిండి తగ్గించింది. ఒకనాడు వంటశాల దగ్గర నా చెయ్యి పట్టుకొని, "మాయమ్మ ఎట్టుండాదో ఒక్కసారి చూసి రా అక్కా" అన్నది. ఖైదీలు మమ్మల్ని అమ్మా అని పిలవవలెను. ఆమె మొదటినుంచీ అక్కా అనేది. నేను దిద్దలేదు.

3. ఖైదీల కబుర్లు సిబ్బంది మోయరాదని నిబంధన ఉన్నది. తెలిసే, సెలవు పెట్టి ఆ పల్లెకు వెళ్లాను. గుడిసె కూలి ఉంది. పేరమ్మ జ్వరంతో పోయిందనీ, పల్లెవాళ్లే మట్టి చేశారనీ పక్క గుడిసె చిన్నపోలయ్య చెప్పాడు. జైలుకు కబురెట్లా పెట్టాలో వాళ్లకు తెలియలేదట. తిరిగి డ్యూటీకి వచ్చిన పొద్దున అంకాలమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉన్నది. నన్ను చూసి, నేను నోరు తెరవకముందే నవ్వింది. బాగుండాది అన్నాను.

4. అప్పటినుంచి రోజూ తల్లికి ఏదో ఒకటి చెప్పి పంపేది. కళ్లాసుపత్రికి పొమ్మనేది. చలిగాలిలో చేపలు అమ్మడానికి పోవద్దనేది. నేను సరే అనేదాన్ని. అన్నం తింటున్నది కదా అనుకున్నాను. అంతకు మించి నాకేమీ అనిపించలేదు.

5. వేసవిలో అదే పల్లె మనిషి ఒకామె సారా కేసులో వచ్చింది. ఆమె నిజం చెప్పేసింది. అంకాలమ్మ ఏడవలేదు. నా దగ్గరకు వచ్చి, "నువ్వు గూడా జైలోళ్ల మనిషివే గదక్కా" అన్నది. ఆ మధ్యాహ్నమే జైలరు గారి ముందు నిలబడి జరిగినదంతా చెప్పింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. విచారణలోనూ నేను ఇదే చెప్పుకొన్నాను.

6. ములాఖత్ కోసం రెండు ఆదివారాలు వచ్చాను. ఖైదీకి ఏమవుతావని గుమాస్తా క్రీస్తుదాసు గారు అడిగారు. చెప్పలేకపోయాను. బంధువులు కానివారికి, అందులోనూ తొలగించినవారికి వీలులేదన్నారు. నేను కూడా అదే గేటు దగ్గర ఎందరినో అట్లాగే పంపినదాన్ని గనుక ఎదురు చెప్పలేదు.

ఆమెకు ఇప్పుడు వచ్చేవాళ్లు ఎవరూ లేరు. నాకూ ఎవరూ లేరు. ఉద్యోగం తిరిగి ఇమ్మని అడగడం లేదు. ఆదివారం పూట అందరితోపాటు వరుసలో నిలబడనిస్తే చాలును.

ఈ కాస్త మనవి తాము చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మాలకొండమ్మ

మరొక సంగతి: నేనని తెలిస్తే ఆమె రానంటుంది. బలవంతం చేయవద్దు. మిగతావాళ్ల పేర్లు పిలిచేటప్పుడు ఆమె పేరు కూడా గట్టిగా ఒకసారి పిలిపించండి. తనకోసమూ ఒకరు వచ్చారని వింటుంది. నేను వెళ్లిపోతాను.