వదినగారూ, చిలక తినడం లేదు

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం కులాసా. అక్కడ మీరూ, అన్నయ్యగారూ, మీ బైండింగు షాపూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం ఎందుకంటే, మా ఇంటికి ఒక చిలక వచ్చింది. మా బేకరీకి రోజూ వచ్చే కంటి డాక్టరమ్మ వేరే ఊరికి వెళ్ళిపోతూ, "మీ చేతికింద ఎవరూ ఆకలితో ఉండరు, దీన్ని మీరే పెంచుకోండి" అని పంజరంతో సహా కౌంటరు మీద పెట్టి వెళ్ళింది. ఆ మాటకు పడిపోయాను. పొగడ్తకు పడనివాళ్ళెవరు చెప్పండి!

తీరా చూస్తే వాడు (మగదేనట) ఏదీ ముట్టడు. వేడివేడి బన్ను పెట్టాను. వెన్న రాసి పెట్టాను. జాము పూసి పెట్టాను. వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నా బన్నుకు వీపు చూపించినవాడు ఈ బేకరీలో ఇంతవరకు లేడు. దిగులు పడకుండా ఉంటాడని బట్టీ పక్కనే, నలుగురూ తిరిగే చోట పెట్టాను. కొట్టుకొచ్చినవాళ్ళంతా పలకరిస్తున్నారు, వేలు పెట్టి చూస్తున్నారు. అయినా ఈకలు ఉబ్బించుకుని మూలకు ఒదిగిపోతాడు. పాత ఇంటినుంచి వచ్చిన గింజలు నాలుగు కొరికి ఊరుకుంటాడు. చిక్కిపోతున్నాడు వదినగారూ. నా ఇంట్లో ఒక ప్రాణి అలా చిక్కిపోతుంటే నాకూ ముద్ద దిగడం లేదు.

మీ షాపులో ఎప్పుడూ చిలకలుండేవని మీ అబ్బాయి, అదే మా అల్లుడుగారు చెప్పారు. ఏం చేయాలో రాయండి.

ఇట్లు,
మీ వదిన, పిండి చేతులతో

తా.క.: అల్లుడుగారు బాగున్నారు. ఇక్కడి బడికి బదిలీ అయి మా ఇంటికొచ్చినప్పటినుంచి చూస్తున్నాను, ఆయనా అంతే. మాట తక్కువ, తిండి తక్కువ.

*

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీ ఇంటికి కొత్తగా వచ్చినవాడి సంగతి చదివి మనసు కలుక్కుమంది. వాడు తినకపోవడం మీ చేతి లోపం కాదు, వాడి బెదురు. మనమైనా ముక్కూ మొహం తెలియని చోట మొదటిరోజే పీట వాల్చుకుని కూర్చుంటామా?

ముందు వాడిని ఆ బట్టీ దగ్గరనుంచి తీసేయండి. వేడి, పొగ వాడికి పడవు. పైన గాలీ వెలుతురూ వచ్చే గది చూసి, వీపుకు గోడ ఉండేలా చోటు చూపించండి. వచ్చేపోయేవాళ్ళ పలకరింపులు మాన్పించండి. తింటున్నప్పుడు కళ్ళల్లోకి చూడకండి, చూస్తే గొంతు దిగదు. వెన్న, జాము, బన్ను అన్నీ బంద్. అలవాటైన తిండే పెడుతూ, అందులో కాసిని కూరగాయ ముక్కలు, కాస్త ఆకుకూర, ఉడికించిన శనగలు కలుపుతూ పోండి. పక్కన కూర్చుని ఎవరైనా తింటూ ఉంటే చూసి తనూ మొదలుపెడతాడు.

పొద్దున్నే, ఏమీ తినకముందే త్రాసులో తూచి చూడండి. మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి, త్రాసు చేయదు. చీకటి పడగానే గుడ్డ కప్పేయండి, వాడికి నిద్ర ముఖ్యం. నమలడానికి ఒక చెక్కముక్క ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం, రెక్కలు కత్తిరించకండి. ఎగిరిపోతాడేమోనని చాలామంది ఆ పని చేస్తారు. ప్రేమగా చూస్తే ఎక్కడికీ పోడు.

మీ
వదిన

తా.క.: కొరికితే అరవకండి. మీరు అరిస్తే వాడికది ఆట అయిపోతుంది.

*

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. సగంలోనే ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డారు. అంత బాధపడ్డారు.

నేను చిలక గురించి అడిగితే మీరు కొడుకు గురించి రాశారు. రాస్తే రాశారు, తల్లి మనసు. నేరుగా అడగొచ్చుగా? "కొత్తగా వచ్చినవాడు" అంటూ ఆ డొంకతిరుగుడు దేనికి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని కాదు నేను. కానీ ఆ బూడిదేదో మీరే తెచ్చి నా భుజాల మీద పోశారు.

మా ఇంట్లో ఎవరి రెక్కలూ ఎవరూ కత్తిరించలేదు. బేకరీ కాబట్టి మా వీధి తలుపు అందరికన్నా ముందే తెరుచుకుంటుంది కూడా.

అయినా మాట పడటం నాకు చేతకాదు. మీరు రాసినవన్నీ అక్షరం పొల్లు పోకుండా చేశాను. బట్టీ వెనక గదిలో ఉన్న అల్లుడుగారి మంచం పై గదిలోకి చేర్పించి గోడకు ఆనించాం. ఆయన తింటుంటే ఎవరమూ కళ్ళల్లోకి చూడటం లేదు. నేను కిటికీ వైపు, మా ఆయన గడియారం వైపు, మా అమ్మాయి తన పళ్ళెం వైపు. "నావల్ల ఏదైనా తప్పు జరిగిందా అత్తయ్యగారూ?" అని ఆయన అడిగారు. "అబ్బే, లేదు బాబూ, తినండి" అని గోడకేసి చెప్పాను. బన్నులూ వెన్నా ఆపేశాను. ఆ పూట మాత్రం ఎందుకో ఉత్సాహంగా కనిపించారు. పిండి తూచే త్రాసు మీద నిలబడమంటే, బడికి వేళవుతున్నా, సంచీ భుజానే ఉంచుకుని నిలబడ్డారు. సంచీ బరువు తీసేయాలని నాకు తరవాత తట్టింది.

చీకటి పడగానే దుప్పటి కప్పాను. లెక్కల పేపర్లు దిద్దుకుంటున్నారట. లోపలినుంచి, "అత్తయ్యగారూ, కరెంటు పోయిందా?" అన్నారు.

ఒక్క మాట. కొరికే అలవాటు ఉంటే పెళ్ళికి ముందే చెప్పాల్సింది.

ఇట్లు,
తమ వియ్యపురాలు

తా.క.: చెక్కముక్క ఇచ్చాను. థాంక్స్ చెప్పి జేబులో పెట్టుకున్నారు.

ఇంకో తా.క.: నేను చిలక గురించి అడిగాను. దాని గురించి మీరు ఒక్క ముక్కయినా రాయలేదు.

*

నా బంగారు వదినగారికి,

ముందు ఆ దుప్పటి తీసేయండి!

నేను రాసినదంతా చిలక గురించే. మొదటి అక్షరంనుంచి చివరి చుక్కదాకా చిలకే. మా షాపులో చిలకను చిలక అని ఎవరం అనం, "వాడు" అనే అంటాం. అదే అలవాటుగా రాసేశాను. మీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ తేరుకునేసరికి జిగురు పూసిన అట్టలు నాలుగూ ఎండి కొయ్యలైపోయాయి. మీ అన్నయ్యగారు కారణమడిగితే చెప్పలేక ఉత్తరమే చేతికిచ్చాను. ఆయన త్రాసు సంగతి దాటి చదవలేక, నవ్వుతూ అక్కడే ఆగిపోయారు.

కాబట్టి అల్లుడిని వదిలేసి చిలకను బట్టీ దగ్గరనుంచి తీయండి. మావాడి గది పైనే అంటున్నారుగా, అక్కడే పెట్టండి. వాడికి చిలకలు చిన్నప్పటినుంచి అలవాటు. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతుంటే చిలకకు బెదురు తీరుతుంది.

నవ్వు ఆగాక మాత్రం దిగులు పట్టుకుంది. మావాడికి తిండి తక్కువని రాశారు. ఇక్కడ ఉన్నప్పుడు సుబ్బరంగా తినేవాడు. అడిగితే "అత్తయ్యగారు బాగా చూసుకుంటున్నారు" అని ఒకే వాక్యం రాసి సంతకం పెడతాడు. ఏదైనా మనసులో పెట్టుకుని కుములుతున్నాడేమో కాస్త కనిపెట్టి చూడండి. తల్లిగా చేతులెత్తి అడుగుతున్నాను. ఈసారి నిజంగానే కొడుకు గురించి రాస్తున్నాను, గమనించగలరు.

ఇద్దరికీ చెరొక పొట్లం పంపుతున్నాను.

మీ
వదిన

తా.క.: మావాడు ఎవరినీ కొరకడు. చిన్నప్పుడు ఒకే ఒక్కసారి కొరికాడు. అదీ చిలకనే.

*

వదినగారికి,

ఏ మొహం పెట్టుకుని రాయను? మా ఆయన కిటికీ దగ్గర ఎందుకు నిలబడ్డారో ఇప్పుడర్థమైంది. మనిషి భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను.

చిలకను పై గదికి చేర్చాం. అల్లుడుగారు బడినుంచి రాగానే తలుపు దగ్గరగా వేసుకుని దానితో ఏదో గొణుగుతూ కూర్చుంటున్నారు. అది మూలనుంచి కదిలి పంజరంలోని కొమ్మ మధ్యకు వచ్చింది. ఆయన క్యారెట్టు ముక్క నములుతుంటే మెడ వంచి చూసి, తనూ ఒక ముక్క అందుకుందట. ఆయన కిందికి వచ్చి ఆ సంగతి చెబుతుంటే ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళలో ఆయన నోట విన్న పెద్ద మాట అదే.

చేసిన అపచారానికి పరిహారంగా అల్లుడుగారికి ఇప్పుడు అన్నీ రెండింతలు పెడుతున్నాను. ఆపిన పూటల బన్నులు కూడా కలిపి. "పర్వాలేదండి" అంటూ మెల్లగా తింటారు. తిన్నాక చాలాసేపు మాట్లాడరు. మీరన్నట్టు మనసులో ఏదో ఉంది.

మీ పొట్లాలు అందాయి. రెండింటి మీదా "వాడికి" అనే ఉంది. ఒకదాంట్లో గింజలు, ఇంకోదాంట్లో ఎండుమిరపకాయలు. వట్టి మిరపకాయలు మనిషికెవరు పంపుతారని అవి చిలకకు పెట్టాను. కరకరా నమిలి, రెండోదానికి కాలు చాపింది!

ఇట్లు,
మీ వదిన

తా.క.: గింజలు అల్లుడుగారు పాలల్లో వేసుకుని తిన్నారు. "అమ్మ చేతి రుచే వేరు" అన్నారు. కళ్ళు చెమర్చాయి. ఆయనవి కాదు, నావి.

*

వదినగారికి,

మిరపకాయలు మావాడివి. మా పెరటి కుండీల్లోవి. కారం తగలనిదే వాడికి తిన్నట్టుండదు. మీ ఇంట్లో అన్నీ తియ్యవి, వెన్నవి కదా అని పంపాను. గింజలు చిలకవి.

కంగారేమీ లేదు. చిలక నాలుకకు కారం తెలియదు. మావాడికి గింజలవల్ల వచ్చే నష్టమూ లేదు. మిగిలినవి అటుదిటూ ఇటుదటూ మార్చేయండి.

మీ
వదిన

తా.క.: ఆ గింజలను నేను చేత్తో ముట్టనైనా లేదు. దుకాణంవాడు కట్టి ఇచ్చాడు. ఏది పెట్టినా మెచ్చుకునే ఈ గుణం వీడికెలా వచ్చిందో గానీ, వాళ్ళ నాన్నది మాత్రం కాదు.

*

వదినగారికి,

ఈ ఉత్తరం స్థిమితంగా కూర్చుని చదవండి. శుభవార్తే.

నిన్న బడికి సెలవు. పొద్దున్నే మొదటి వాయి బన్నులు తీసి, వెన్న దట్టించి, పళ్ళెం నిండా పేర్చి పైకి తీసుకెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి అల్లుడుగారి గొంతు.

"చాలండి అత్తయ్యగారూ."

నేనింకా తలుపైనా తట్టలేదు! అక్కడే ఆగిపోయాను.

"చాలు. నిజంగా చాలండి." కాసేపు ఆగి, "ఊహూఁ, మరీ కటువుగా ఉంది. మళ్ళీ." ఈసారి బతిమాలుతున్నట్టుగా, "ఒక్కటి చాలండి అత్తయ్యగారూ, ఇంకోటి పెడితే చచ్చిపోతాను." తరవాత ఒక పెద్ద నిట్టూర్పు. "లాభం లేదు. మళ్ళీ మొదటినుంచి."

తలుపు తోశాను. గదిలో ఎవరూ లేరు. పంజరంలో మీ "వాడు" ఛాతీ విరుచుకుని నిలబడి, నన్నొకసారి, బన్నులనొకసారి చూసి, అచ్చం అల్లుడుగారి గొంతుతో, "చాలండి అత్తయ్యగారూ" అన్నాడు.

వెనకనుంచి అడుగుల చప్పుడు. స్నానం చేసి తల తుడుచుకుంటూ అల్లుడుగారు. నన్ను చూశారు, చిలకను చూశారు. ఆయన ముఖం మా మైదాపిండి రంగుకు తిరిగింది. చెప్పొద్దూ, నాకు మొదట రోషం వచ్చింది. ఆ తరవాత ఆయన నిలబడిన తీరు చూస్తే, పాఠం రాని పిల్లాడు మాస్టారి ముందు నిలబడ్డట్టుంది. రోషం జారిపోయింది.

"రోజూ తలుపేసుకుని దీనికి నేర్పుతున్నది ఇదా బాబూ?" అన్నాను.

"దానికి కాదండి, నేను నేర్చుకుంటున్నాను" అన్నారు. "మీరు పెట్టేటప్పుడు మీ ముఖం చూస్తే ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇక్కడ సాధన చేసుకుంటే కింద అనగలనేమోనని."

"ఇన్నాళ్ళూ కష్టపడి తిన్నారా?"

"ఒకటి ఇష్టంగానే తింటానండి. బాగుంటుంది. ఆ తరవాతవే..."

ఆ తరవాతవాటి గురించి ఆయన చెప్పక్కర్లేదు. నాలుగుకు తక్కువ తింటే తిననట్టేనని లెక్క వేసుకున్నది నేను. పూట పూటా అన్ని మింగిన మనిషికి మాట తక్కువ కాక ఏమవుతుంది? నేను మంచం అంచున కూలబడి నవ్వాను. నవ్వుతూనే కాస్త ఏడ్చాను కూడా. ఆయన కంగారుపడి, నన్ను ఊరుకోబెట్టడానికి పళ్ళెంలోంచి ఒక బన్ను తీసుకున్నారు. తిన్నారు. రెండోదానికి నా చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"చాలండి అత్తయ్యగారూ" అన్నారు. చిలక కాదు, ఆయనే. గట్టిగా, నా కళ్ళల్లోకి చూస్తూ.

"సరే బాబూ" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకెంత కష్టమైందో మీకు తెలుసు.

ఇవాళ ఆయన పళ్ళెంలో ఒకే బన్ను, పక్కన మీ మిరపకాయలు. తింటూ బడి కబుర్లన్నీ చెప్పారు. మా అమ్మాయి "ఈయన ఇంతలా మాట్లాడతారా?" అని ఆశ్చర్యపోయింది. చిలక శనగలు, పాలకూర ఒక్క ఆకు వదలకుండా తిని, నేను గిన్నె నింపబోతే చాలంది. దాని మాట కూడా విన్నాను. ఒళ్ళు చేసింది, ఈకలకు మెరుపు వచ్చింది. కుమిలిపోతున్నాడేమోనన్న బెంగ వదిలేసి మీరు హాయిగా ఉండండి. ఇద్దరూ సర్దుకున్నారు. ఇక నేనే సర్దుకోవాలి.

ఇట్లు,
ప్రేమతో
మీ వదిన

తా.క.: ఇది రాస్తుండగా మా ఆయన పైకి వెళ్ళి, తలుపేసుకుని, చిలకతో ఏదో గుసగుసలాడుతున్నారు. పెళ్ళైనప్పటినుంచి ఆయన నా వంట గురించి ఒక్క మాట అనలేదు. వెళ్ళి తలుపుకు చెవి ఆనించనా, మానేయనా? తిరుగు టపాలో రాయండి.